మోటార్ల మేస్త్రి వైస్ ఛాన్సలర్ అయ్యాక

ముప్పై ఏళ్లు సొంత ఫ్యాక్టరీలో నీళ్ల మోటార్లు తయారుచేసిన మనిషిని తీసుకెళ్లి యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ని చేశారు. ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. చదివింది మామూలు డిగ్రీ, అదీ రెండోసారి రాసి గట్టెక్కాడు. భార్యకి చెబితే, ఆవిడ కూరగాయలు తరుగుతూ, "పాఠాలు చెప్పమనలేదు కదా, నయం" అంది.

ఫ్యాక్టరీ అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మొదటి నెలలోనే పదకొండు సర్క్యులర్లు పంపాడు. ఒక్కదాన్నీ ఎవరూ ఖాతరు చేయలేదు. ప్రొఫెసర్లు ఎదుట వినయంగా తలూపి, అటు తిరిగి "మోటార్ల మేస్త్రి" అనుకునేవారు. అది ఆయన చెవిన పడకపోలేదు.

పన్నెండోది టైపు చేయించమంటే, ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న రిజిస్ట్రారమ్మ కాగితం బల్ల మీదే ఉంచేసింది.

"ఇది పంపకండి సార్. వెళ్లి వాళ్లకేం కావాలో అడగండి."

ఆయన మనసు చివుక్కుమంది. అయినా ఆ మధ్యాహ్నమే ఒక్కడూ కెమిస్ట్రీ విభాగానికి నడిచాడు. రెండో అంతస్తు ల్యాబులో కుళాయిలు ఎండిపోయి ఉన్నాయి. పిల్లలు కింది నుంచి బకెట్లు మోస్తున్నారు.

"మూడేళ్లుగా రాస్తూనే ఉన్నాం" అన్నాడు పెద్ద ప్రొఫెసరు ముభావంగా. మేస్త్రి అని పేరు పెట్టింది ఆయనే.

వైస్ ఛాన్సలర్ నేరుగా వెనకున్న మోటారు షెడ్డుకెళ్లి, చొక్కా చేతులు మడిచి, చప్పుడు విన్నాడు. మోటారు తిరుగుతోంది, కానీ ఎదురు దిక్కున; అందుకే నీళ్లు పైదాకా ఎక్కడం లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కరెంటు ఆపించి, రెండు వైర్లు అటూ ఇటూ మార్పించాడు. పది నిమిషాల్లో పైన కుళాయిలు బుసకొట్టి పారాయి.

ప్రొఫెసరు తడిచేతులతో నిలబడి, "మిమ్మల్ని వెనకాల మేస్త్రి అంటుంటానండీ. ఇకమీదట ఎదురుగానే అంటాను" అన్నాడు.

"అనండి. బదులుగా, మీరిక్కడ ఏం చేస్తారో నాకు అర్థమయ్యేలా చెప్పండి."

అలా ప్రతి గురువారం ఒక్కో విభాగంలో వెనక బెంచీలో కూర్చుని వినడం మొదలైంది. ఏం కావాలో అడిగేవాడు, చేతనైనంత చేసేవాడు. ఆరేళ్లు ఇట్టే గడిచాయి.

పదవి దిగే రోజు సన్మానం ముగించుకుని నేరుగా రిజిస్ట్రారమ్మ గదికెళ్లాడు.

"ఆవేళ మీరు నోరు విప్పకపోతే నేను కాగితాలు పంపుకుంటూనే వెళ్లిపోయేవాణ్ణమ్మా. మీ మేలు మరిచిపోలేను."

ఆవిడ చిన్నగా నవ్వింది. "ఉద్యోగం ఊడుతుందనుకున్నాను సార్. ఆ సాయంత్రమే సొరుగులో సామానంతా సర్దేసుకున్నాను."

ఈ సంగతి ఆయనకి ఆరేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.