కొత్త చేతికి పాత చక్రం

గోల్‌మురి బజారులో తోటకూర బేరమాడుతుండగా ఆ వార్త నా చెవిన పడింది. ఆదిత్యపూర్‌లో దూసి కామేశ్వరరావు గారు తెల్లవారుజామున నిద్రలోనే పరమపదించారట. ఆ మాట చెప్పినవాడు చెప్పి, మళ్ళీ వంకాయలు ఏరుకోవడంలో పడ్డాడు. నాకు మాత్రం సైకిల్ ఎటు తిప్పాలో తెలియలేదు. ఇలాంటి వార్తని పెద్దలు అశనిపాతం అని రాస్తారు. పిడుగు ఒక్కసారి పడి ఊరుకుంటుంది. ఇది నా మీద ఇంకా పడుతూనే ఉంది.

ఆ మహనీయుని గుణగణాలు స్మరించి నాలుగు కన్నీటి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కలం పట్టుకుంటే కన్నీళ్ళకు ముందు కోపం వస్తోంది. దానికి కారణం ఖర్కాయి చక్రక్రీడా మండలి వారు జరిపిన సంతాపసభ. పటానికి బంతిపూల దండ వేశారు, అగరొత్తులు వెలిగించారు, అంతవరకూ బాగుంది. పటం ముందు బల్ల మీద ఏం పెట్టారనుకున్నారు? చీటీ కూడా ఊడదీయని, అద్దంలా మెరిసే సరికొత్త చక్రం, పళ్ళెంలా విసిరి ఆడేది. వెడల్పాటి అంచు, కత్తిలాంటి పదును. దూరం పోవడానికే చేసిన ఆ రకాన్ని డ్రైవర్ అంటారు. లేతచేతుల్లో దాన్ని పెట్టవద్దని ఆ మనిషి ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నారు. జన్మలో చేప ముట్టనివాడి పెద్దకర్మకి చేపల పులుసు వండినట్టుంది వీరి శ్రద్ధాంజలి.

అంతటితో ఆగారా? కార్యదర్శి భాస్కర్ గారు మైకు పట్టుకుని, దివంగతుల పేరిట ఏటేటా పిల్లలకు అతిదూరం విసిరే పోటీ పెడతామనీ, వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఇలాంటి కొత్త డ్రైవరే ఇస్తామనీ ప్రకటించారు. చప్పట్లు. నేను లేచి, బాబూ, అది ఆయన పద్ధతి కాదు అనబోయాను. "బైఠియే తాతాజీ, టైమ్ నహీ హై" అన్నారు, టైము లేదు కూర్చోమని. కూర్చున్నాను. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆయనెవరో ఎరగని చదువరులకు కొంచెం చెప్పాలి. కామేశ్వరరావు గారు కార్ఖానాలో మెయింటెనెన్స్ ఇంజనీరు. నేను అక్కడే క్రేను నడిపినవాణ్ణి. బడి మొహం సరిగా చూడలేదు, అక్షరాలు కార్ఖానా బోర్డుల మీదా పాత వారపత్రికల మీదా నేర్చుకున్నాను. తొంభయ్యవ దశకం మొదట్లో కొత్త మిల్లు బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చాడు. సాయంకాలాలు మైదానంలో ఒంటరిగా ప్లాస్టిక్ పళ్ళేలు విసురుకునేవాడు. వెళ్ళిపోతూ ఆ పళ్ళేల సంచీ కామేశ్వరరావు గారి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆటని డిస్క్ గోల్ఫ్ అంటారు. దూరంగా ఒక కంబానికి బుట్ట ఉంటుంది, దాని చుట్టూ గొలుసులు వేలాడతాయి. తక్కువ విసుర్లలో చక్రాన్ని ఆ బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. మన బుట్టలు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో సైకిల్ రిమ్ములతో, తుక్కు గొలుసులతో ఆయన దగ్గరుండి చేయించినవి. వీధి పిల్లలు ఆయన్ని థాలీ బాబు అని పిలిచేవారు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం.

మొదట్లో ఆయనా అందరిలాగే పొరపడ్డారు, ఆ కథ ఆయనే నవ్వుతూ చెప్పేవారు. ఇంజనీరు బుద్ధి కదా, పదునైన అంచు గాలిని కోస్తుంది గనక అదే దూరం పోవాలని లెక్క కట్టి, సంచీలో అన్నిటికన్నా పదునైనదాన్ని ఎంచుకున్నారు. విసిరిందల్లా కాస్త దూరం తిన్నగా పోయి, ఠక్కున ఎడమకు తిరిగి, పక్క క్వార్టరు ముందు మంచం మీద ఆరబెట్టిన వడియాల్లో పడేది. ఆ ఇల్లాలు చక్రాన్ని చీర చెంగుతో పట్టుకొచ్చి, "బాబూ, ఇంకోపాలి పడితే మీ పళ్ళేన్నే పులుసులో ఏసెత్తాను" అంది. ఈయన చక్రంలో లోపం ఉందనుకుని, కడ్డీకి తగిలించి తిప్పి తూకం చూశారు. తూకం సరిగ్గానే ఉంది. ఆ సాయంత్రమే నాతో అన్నారు: "తప్పు చక్రానిది కాదు అప్పన్నా. అది అడిగే వేగం నా చేతిలో లేదు."

ఆ ఒక్క మాట మీదే ఆయన విద్య అంతా నిలబడింది. పదునైన డ్రైవరు వేగాన్ని కోరుతుంది. ఆ వేగం ఇవ్వలేని చెయ్యి విసిరితే సగందారిలోనే ఎడమకు వాలిపోతుంది. మొద్దు అంచున్న నెమ్మది చక్రం సామాన్యుడి చేతికి లొంగుతుంది. ఇంకో రహస్యం ఉంది. చెట్లకూ రాళ్ళకూ తగిలి, అంచు అరిగి, గీతలు పడ్డ పాత చక్రానికి ఎడమ మొండితనం చచ్చిపోతుంది. బలహీనమైన చేతినుంచి కూడా అది తిన్నగా, తేలికగా పోతుంది. అదే పాతదాన్ని బలవంతుడు ఉరిమి విసిరితే కుడికి తిరగబడుతుంది. అందుకే ఆయన మైదానంలో ఒక ఆచారం పెట్టారు. కొత్త చేతికి పాత చక్రం, పాత చేతికి కొత్త చక్రం. ఎవరి చెయ్యి ఎదిగితే వారు తమ అరిగిన చక్రాన్ని వెనక వచ్చినవారికి అప్పగించి, ముందుకు పోవాలి.

విసరడం నేర్పే తీరు కూడా ఎవరూ చూసి ఉండరు. తన క్వార్టరు గోడకు ఛాతీ దాదాపు ఆనేలా పిల్లల్ని నిలబెట్టేవారు. కొడవలితో కోసినట్టు చెయ్యి గుండ్రంగా తిప్పావా, కణుపులు గోడకు గీసుకుంటాయి. అగ్గిపుల్ల గీసినట్టు తిన్నగా లాగాలి. ముందు పాదం నాటుకోవాలి, తర్వాత నడుము తిరగాలి, చెయ్యి అన్నిటికన్నా చివర రావాలి. "చెయ్యి ఇంటికి చివర వచ్చే చుట్టం, దానికి పెద్దరికం ఇవ్వకండి" అనేవారు. వేళ్ళ కణుపులకు సున్నం అంటిన పిల్ల కనిపిస్తే చాలు, ఎవరి శిష్యురాలో తెలిసిపోయేది. ఆయన బీడీ ముట్టరు. కానీ పెద్ద విసురుకు ముందు నా వైపు తిరిగి, "అప్పన్నా, నీ బీడీ వెలిగించు" అనేవారు. పొగ ఎటు పోతోందో చూసి చక్రం ఎంచుకునేవారు. పొగ మొహానికి కొడితే కొంచెం మొండి చక్రం, వెనకనుంచి వస్తే తేలికది. నా జన్మలో నా బీడీని గౌరవించిన పెద్దమనిషి ఆయనొక్కరే.

బాగ్‌బేరా రైల్వే కాలనీనుంచి గౌరి అనే పిల్ల వచ్చింది. తండ్రి పాయింట్స్‌మన్. మణికట్టు గాజుకన్నా సన్నం. ఈయన సంచీలో అన్నిటికన్నా పాతదాన్ని, ఎలుక కొరికినట్టున్న అంచుదాన్ని తీసి ఆ పిల్లకిచ్చారు. మర్నాడు తల్లి వచ్చింది. "బాబూ, లేనోల్లమని అరిగిపోయింది ఇచ్చినారా?" అని అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. గౌరికి కొత్త డ్రైవరు ఇచ్చి విసరమన్నారు. అది ఎడమకు కూలి దగ్గర్లోనే పడింది. తర్వాత పాతది విసరమన్నారు. అది వీధిదీపం కంబం దాటి, తిన్నగా, నింపాదిగా పోయి కూర్చుంది. తల్లి కాసేపు అటే చూసి, "ఇంకా పాతది ఏటైనా ఉందా బాబూ?" అంది. ఆయన నవ్వు మైదానం ఆ చివరిదాకా వినబడింది.

ఆ తల్లికి నిమిషంలో బోధపడినది మన పెద్ద పెద్ద చదువుల వారికి ఎప్పటికీ బోధపడలేదు. కార్యదర్శి గారి మేనల్లుడికి పాత చక్రం ఇచ్చారట, అదీ నేరం. బాగ్‌బేరా పిల్ల విసిరి వదిలేసినది మా పిల్లవాడికా అన్నారు. కొత్తవన్నీ దాచుకుని తుక్కు అంటగడుతున్నాడన్నారు. ఒక్కరు, ఒక్కరైనా గౌరి తల్లిలా నిలబడి, రెండూ విసిరించి చూడలేదు. మండలి వారు సభ పెట్టి ఆయన్ని శిక్షణనుంచి తప్పించారు. ఆయన అడిగింది ఒకటే: "మైదానానికి రావచ్చా?" ఆ ప్రశ్న విని సిగ్గుపడవలసినవారు తలలూపి, రావచ్చని అనుమతి ప్రసాదించారు. తాను గొలుసులు కట్టిన మైదానానికి రావడానికి ఆయనకు అనుమతి.

ఆ తర్వాత పిల్లలందరి చేతుల్లో మెరిసే డ్రైవర్లు. అడిగిన వేగం ఇవ్వలేక భుజమంతా విదిలించి విసిరేవారు. మోచేతులకు పట్టీలు కట్టుకు తిరిగేవారు. చేతకాదనుకుని చాలామంది రావడం మానేశారు. ఆయన సిమెంటు బెంచీ మీద కూర్చుని చూస్తూండేవారు. చెప్పండి బాబూ, మీరు చెప్పకపోతే ఎవరు చెబుతారు అని నేను పోరితే, "అడిగితే చెబుతాను. అడగనివాడికి చెప్పడం ఎదురుగాలికి పాత చక్రం విసరడమే" అన్నారు. గౌరి ఒక్కతే అడిగింది. ఆ పిల్ల ఒక్కతే నిలిచింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ, పొరుగూళ్ళ ఆటగాళ్ళను నవ్వుతూ ఓడిస్తోంది.

ఇక మొన్నటి సంగతి. పెద్దకర్మ అయిన మర్నాడు భాస్కర్ గారు మరో ఇద్దరితో ఆదిత్యపూర్ ఇంటికి వచ్చారు. పోటీకి పేరు పెట్టుకోవడానికి ఆయన అర్ధాంగి సరోజినమ్మ గారి అంగీకారం కావాలట. నేనూ గౌరీ అక్కడే ఉన్నాం. ఆవిడ అంతా విన్నారు. లోపలికి వెళ్ళి, ఆ ఎలుక కొరికిన చక్రం తెచ్చారు. గౌరి ఎదిగాక తిరిగి అప్పగించినది, ఆ తర్వాత ఎవరూ పుచ్చుకోనిది.

"మీరు బాగా ఆడతారని ఆయన చెప్పేవారు బాబూ. ఇది ఒక్కసారి తిన్నగా విసిరి చూపించండి. పేరు పట్టుకెళ్ళండి" అన్నారావిడ.

భాస్కర్ గారు నవ్వారు. "బస్, ఇత్నా హీ?" అన్నారు, ఇంతేనా అని. ఇంటి వెనకే ఖర్కాయి ఒడ్డు. నేను బీడీ వెలిగించాను. పొగ మా మొహాలకే కొట్టింది. దాన్ని చూసినవాళ్ళం నేనూ గౌరీ మాత్రమే. భాస్కర్ గారు బలమంతా పెట్టి, చెయ్యి గుండ్రంగా తిప్పి విసిరారు. చక్రం లేచింది, ఎదురుగాలికి వణికింది, కుడికి తిరగబడి, దొర్లుతున్నట్టు పోయి నదిలో పడింది.

"ధీరే సే ఫేంక్‌నా థా" అని గౌరి నెమ్మదిగా గొణిగింది. మెల్లగా విసరాల్సింది.

సరోజినమ్మ గారు కొంగు సర్దుకున్నారు. "ఆయన పేరు అక్కడుంది. దిగి తెచ్చుకోండి."

వేసవి నీరు, మోకాలి లోతు. కానీ ఒడ్డున నల్లటి బురద. భాస్కర్ గారు తన తెల్ల బూట్లను చూసుకున్నారు. పక్కనున్నవారు ఆయన్ని చూశారు. తర్వాత ఫోన్ చేస్తామని చెప్పి ముగ్గురూ కారెక్కారు. గౌరి సల్వారు మడిచి బురదలోకి దిగింది. చక్రం తెచ్చి, దుపట్టాతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టబోయింది. ఆవిడ పుచ్చుకోలేదు. కొత్తగా ఎవరొస్తే వారికివ్వమన్నారు.

మండలి వారికి నా విన్నపం, విన్నపం అనడం మర్యాదకే. పోటీ మీ ఇష్టం, పెట్టుకోండి. పటం ముందునుంచి ఆ కొత్త చక్రం మాత్రం తీసేయండి. బురదలో కాలు పెట్టనివారికి ఆ పేరు పలికే అధికారం లేదు. ఆయన విద్యకు వారసురాలు ఉంది, పరంపర ఉంది, ఆ ఎలుక కొరికిన చక్రమూ ఉంది. ఆ పుణ్యాత్మునికి ఈ అప్పన్న చేసే నమస్కారం ఇదే.

నిన్న సాయంత్రం మైదానానికి వెళ్ళి, ఆ సిమెంటు బెంచీ పక్కన నిలబడి బీడీ వెలిగించాను. పొగ ఎటో పోయింది. ఎటు పోయిందో నన్ను అడిగేవారు లేరు.