రాతి ఇంట్లో రొట్టెల గూడు

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, డెబ్భైల చివర్లో, న్యూజెర్సీ పల్లెపట్టున ఒక పాత రాతి ఇంట్లో అద్దెకుండేవాళ్లం... ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకాయన తన ఊళ్లో ఇళ్లలాగే కట్టుకున్నాడట. మూరెడు మందం గోడలు... గూళ్లంత కిటికీలు... నాన్న తల వంచకపోతే దూలం తగిలేది. పట్టపగలే లోపల మసకమసగ్గా ఉండేది. నాకు ఆ ఇల్లంటే భయం.

వంటింట్లో మనిషి నిలబడేంత ఫైర్‌ప్లేస్. దాని లోపల, పక్క గోడలో, పూర్వం రొట్టెలు కాల్చుకున్న ఇటుకల గూడు... దానికో ఇనప తలుపు.

మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం, అక్కతో దాగుడుమూతలాడుతూ అందులో దూరాను. తలుపు దగ్గరికి లాక్కున్నాను. బయట గడియ దానంతటదే పడిపోయింది...

చిమ్మచీకటి. మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. అరిచాను... అరుపు నా చెవుల్లోనే గింగిరాలు తిరిగింది.

ఇంతలో కట్టెలు పేర్చుతున్న చప్పుడు. ఆ రోజు హీటర్ చెడిపోయింది. నాన్న కారు తీసుకుని హాస్పిటల్‌లో డ్యూటీకి వెళ్లారు. చలికి ఆగలేక అమ్మ మంట వేస్తోంది...

తలుపు సందులోంచి పొగ వచ్చింది. దగ్గుతో గొంతు పెగల్లేదు. పిడికిళ్లతో తలుపు బాదాను. ఇనుము వెచ్చబడుతోంది...

ఆ తర్వాతది అక్క చెబితే తెలిసింది. నేను బాదుతుంటే, కట్టెలు చిటపటలాడుతున్నాయనుకుందట అమ్మ. అప్పుడే అక్క వచ్చి, "అమ్మా, చిన్ని ఎక్కడా లేదు... ఐ లుక్డ్ ఎవ్రీవేర్," అంది.

అమ్మ మంటవైపు చూసింది. మరుక్షణం వట్టి చేతులతో మండే కట్టెలని నేలమీదికి లాగేసింది. గడియ తీసి, నా చంకల్లో చేతులు వేసి బయటికి ఈడ్చింది.

తిడుతుందనుకున్నాను. నన్ను ఒళ్లోకి లాక్కుని, "ఊపిరి పీల్చు తల్లీ... ఇంకోసారి పీల్చు," అంటూనే ఉంది.

అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. కొన్నాళ్లు నాన్నే అన్నం కలిపి మా ఇద్దరికీ పెట్టారు... అమ్మకి కూడా. ఎండాకాలం రాకముందే పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం.

ఇప్పుడు మా పిల్లలు ఏ గదిలో ఉన్నారో తెలియాలంటే మెసేజ్ పెడతాను. అక్కణ్నుంచే జవాబిస్తారు... ఎవరూ దాక్కోరు, ఎవరూ వెతకరు.

మిమ్మల్ని భయపెట్టిన ఇల్లేదైనా ఉంటే చెప్పండి... అందులో మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిందెవరో కూడా.