వాయినికోరో టర్బో కారుకు ఆయిల్ ఎంచిన సంగతి

తొంభైల మధ్యలో, ఫిజీలో, నన్ను లౌతోకా నుంచి లబాసాకు బదిలీ చేశారు. రవాణా వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఉద్యోగం. అంటే మెకానిక్‌లకు పైన, సూపరింటెండెంటుకు కింద. మా లారీలతో పాటు, సూపరింటెండెంటు అనుమతి ఉంటే, ఊరి ఉమ్మడి బండ్లను కూడా చూసేవాళ్ళం.

అలా వచ్చిందే వాయినికోరో అనే పల్లె కారు. అక్కడి చెరకు రైతులు కలిసి కొనుక్కున్న పాత జపాన్ డీజిల్ స్టేషన్ వ్యాగన్. జబ్బుపడ్డవాళ్ళను లబాసా ఆస్పత్రికి తేవడానికి వాళ్ళకు ఉన్నది అదొక్కటే. నడిపేది లక్ష్మమ్మక్క. భర్త పోయాక చెరకు లారీ నడిపి పిల్లలను పెంచిన మనిషి.

ఆ కారుకు టర్బో ఉంది. ఇంజను వదిలే వేడి పొగతో తిరుగుతూ, ఇంజనులోకి అదనంగా గాలిని తోసే చిన్న చక్రం. చూపుకు అందనంత వేగంగా తిరిగే దాని ఇరుసును కాపాడేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. నేను రాకముందే ఒక టర్బో పోయింది. మార్చినది కూడా కొన్ని నెలలకే ఈల వేస్తూ నీలిపొగ వదలసాగింది.

రైతుల సంఘానికి పెద్ద నారాయణ మామ. టర్బో పీకేసి గొట్టాలు మూసెయ్యమన్నాడు. లక్ష్మమ్మక్క ఒప్పుకోలేదు.

"టర్బో లేకుంటే జనాన్ని ఎక్కించుకొని కొండ ఎక్కదు ఈ గాడీ. మొన్న నిండు గర్భిణిని దింపి నడిపించినాను. మళ్ళీ అట్లా చెయ్యను భయ్యా" అంది నాతో.

విప్పి చూశాను. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి గొట్టం లోపల మాడిన నల్లటి పెచ్చు కట్టి ఉంది. ఇరుసును వేలితో కదిపితే ఊగింది. ఇంజనులో పోసింది పెట్రోలు కార్లకు అమ్మే చిక్కటి ఆయిల్. పాత ఇంజను, వేడి దేశం, కాబట్టి చిక్కటిదే నిలుస్తుందని మామ నమ్మకం. మా సూపరింటెండెంటుదీ అదే అభిప్రాయం.

నేను దానికంటే పల్చటి, పదిహేను డబ్ల్యూ నలభై అనే గ్రేడు ఆయిల్ అడిగాను. డబ్ల్యూకు ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనకది వేడెక్కాక ఎంత చిక్కదనం నిలుస్తుందో చెబుతుంది. డబ్బా మీద తరగతి కూడా చూడాలి. 'సి'తో మొదలయ్యేది డీజిల్ ఇంజన్లకు. డీజిల్ మసిని కలుపుకుని మోయగల రసాయనాలు అందులో ఉంటాయి.

మాటలతో ఎవరూ కదలలేదు. మర్నాడు పొద్దున మామను, సూపరింటెండెంటును పిలిచి, ఇంజను చల్లగా ఉండగానే, టర్బోకు వెళ్ళే గొట్టం శుభ్రం చేసి, టర్బో నుంచి విప్పిన కొసను ఖాళీ డబ్బాలో పెట్టాను. డీజిల్ రాకుండా ఆపి, స్టార్టరుతో మాత్రం ఇంజను తిప్పించాను. చిక్కటి ఆయిల్ చాలాసేపటికి గాని రాలేదు. వచ్చింది కూడా బొట్టుబొట్టుగానే. ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోసి, మరునాటి పొద్దున అలాగే తిప్పించాను. ఈసారి వెంటనే ధార కట్టింది. సూపరింటెండెంటు ఇక కానివ్వమన్నాడు.

రాజధాని సువా నుంచి టర్బో బేరింగులు తెప్పించి బిగించాను. లక్ష్మమ్మక్కకు ఒక షరతు పెట్టాను. కొండ ఎక్కి వచ్చాక వెంటనే ఇంజను ఆపకూడదు, కాసేపు ఊరికే తిరగనివ్వాలి. ఆపిన వెంటనే ఆయిల్ ప్రవాహం నిలిచిపోతుంది. కాలుతున్న టర్బోలో చిక్కుకున్న ఆయిల్ మాడి పెచ్చు కడుతుంది.

కొన్ని వారాలకే మామ కారును మళ్ళీ తెచ్చాడు. ఇంజను పైమూత అంచు నుంచి ఆయిల్ కారుతోంది.

"చెప్పినాను కదా, పల్చటిది నిలవదని."

కొత్త ఆయిల్ పాత మడ్డిని కడిగేసింది. ఇన్నాళ్ళూ ఆ మడ్డి కప్పి ఉంచిన, మూత కింద సందు మూసే గ్యాస్కెట్‌లోని చీలిక బయటపడింది. చిక్కటి ఆయిల్‌కు తిరిగిపోవడం తేలిక. నేను పోలేదు. గ్యాస్కెట్ మార్చి, మడ్డితో నల్లబడ్డ ఆయిల్‌ను గడువుకు ముందే పారబోసి, మళ్ళీ అదే గ్రేడు పోశాను. కారడం ఆగింది.

ఆ ఏటి చెరకు కోతల కాలంలోనే చెరకు కత్తి కాలికి దిగిన ఒక కూలీని తీసుకుని లక్ష్మమ్మక్క ఆస్పత్రికి వచ్చింది. విడిభాగాల పని మీద నేను ఆ వీధిలోనే ఉన్నాను. కూలీతో పాటు అతన్ని పట్టుకోవడానికి ముగ్గురు. కొండ మీద ఎవరినీ దింపలేదట. కూలీని లోపలికి తీసుకెళ్ళారు, ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. ఆపమని కాపలాదారు కసిరాడు.

"టర్బో చల్లబడనీ భయ్యా. రేపు ఇంకొకరికి కావాల" అందామె, సీటు దిగకుండా.

నేను లబాసాలో ఉన్నన్నాళ్ళూ ఆ టర్బోను మళ్ళీ విప్పాల్సిన పని రాలేదు. ఆ పని నాకు నేర్పింది ఇది. ఆయిల్‌ను బండి వయసు చూసి ఎంచకూడదు. ఆ ఇంజనులో అన్నిటికంటే సున్నితమైన భాగానికి ఏది కావాలో చూసి ఎంచాలి. ఎంచిన తర్వాత మొదటి లీకుకే మనసు మార్చుకోకూడదు. లీకుకు కారణం వెతకాలి.