ఎస్తేరత్త మునుం

మా చిన్నప్పుడు... ఊడ్పులు మొదలయ్యాయంటే తెల్లారేసరికే మా పేట ఆడవాళ్ళు మోకాటిలోతు బురదలో ఉండేవాళ్ళు. కూచిపూడికి నాలుగు మైళ్ళ అవతల, కాలవ పక్కన మా క్రైస్తవుల పేట. పన్నెండు మంది ముఠా. మనిషికొక మునుం... అంటే ఎవరి వరస వాళ్ళే నాటుకుంటూ వెనక్కి పోవాలి. పక్కవాళ్ళది ముట్టుకోకూడదు.

గట్టు మీద మా నాన్న నోటుబుక్కు పట్టుకుని నిలబడేవాడు. మిషన్ బడిలో మేస్టారు. చర్చిలో చదివే బైబిలు తెలుగు ఆ ఆడవాళ్ళకు సగం కూడా అర్థమయ్యేది కాదు. అందుకని మూడేళ్ళు కూర్చుని సువార్తను వాళ్ళ మాటల్లో రాశాడు. వాళ్ళకు చదువు రాదు కదా... మునుం పంచినట్టే కథలు పంచాడు. మనిషికొక భాగం. ఎవరిది వాళ్ళు కంఠతా పట్టాలి.

ఎస్తేరత్తకు వచ్చింది తప్పు చేసిన ఆడమనిషి కథ. రాళ్ళతో కొట్టి చంపడానికి గుంపు ఈడ్చుకొచ్చిన మనిషిని యేసు కాపాడిన కథ.

"నాకే ఇచ్చావేంటి అన్నయ్యా ఈ కథ?" అని నవ్వేది.

"నీ గొంతు పెద్దదమ్మా. గుంపంతా ఒక్కసారే అరిచినట్టు చెప్తావు."

"ఆ గొంతు పొలంలోనే మేస్టారూ... ఇంట్లో పిల్లి!" అని పక్క వరసలోంచి ఎవరో అనేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు, ఎస్తేరత్తతో సహా. ఆవిడ మా సంఘపెద్ద దానియేలు భార్య. దానియేలు మా నాన్నకు వరసకు బావ.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ, ఎస్తేరత్త లేచి ఆ కథ ఎత్తుకుంది. పొలంలో చెప్పినట్టే... ఆ మాటల్తోనే. జనం నవ్వారు, ఏడ్చారు. దానియేలు మొహం మాడిపోయింది.

ఆరాధన అయిన పావుగంటకు మా వాకిట్లో ఉన్నాడు. వెనక పది మంది.

"దేవుడి మాటని కూలోళ్ళ మాట చేస్తావంట్రా? దొరలిచ్చిన పుస్తకంలో అక్షరం మార్చడానికి నువ్వెవడివిరా?"

"మార్చలేదు బావా. అర్థమయ్యేట్టు చెప్పా. ఆ దొరలు మాత్రం? తెలుగు చేసినోళ్ళేగా..."

మాట పూర్తికాకుండానే నోటి మీద గుద్దాడు. తర్వాత జీవితమంతా నేను పుస్తకాలు చదివాను. దొరలు ఆ గ్రంథాన్ని మన పండితులను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు చేశారనీ, మళ్ళీ మళ్ళీ దిద్దుకున్నారనీ తెలుసుకున్నాను. దానియేలుకు అది చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా కొట్టేవాడే.

నోటుబుక్కులు ఎక్కడున్నాయని నన్ను అడిగాడు. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది. చెబితే వదిలేస్తాడనుకున్నాను.

"వడ్ల గుమ్మిలో" అన్నాను.

వదల్లేదు. ఏడు నోటుబుక్కులనూ వాకిట్లో పోసి కిరసనాయిలుతో తగలబెట్టాడు. తర్వాత నాన్న కుడిచెయ్యి గడప మీద పెట్టించి, మా అమ్మ వడ్లు దంచే రోకలితో వేళ్ళ మీద నాలుగు దెబ్బలు... చెరుకుగడ కణుపు దగ్గర విరిచిన చప్పుడు. చెయ్యి కదలకుండా పట్టుకున్న ఇద్దరూ నాకు వరసకు చిన్నాన్నలు. పేర్లు రాయను. వాళ్ళ మనవలు ఇది చదువుతారు... వాళ్ళకు తెలుసు.

ఆ వేళ్ళు మళ్ళీ కలం పట్టలేదు. "నువ్వు రాయరా" అన్నాడు నాన్న. నీళ్ళ బిందె నెపంతో ఒకరు, పిడకల నెపంతో ఒకరు... పదకొండు మంది మా ఇంటికొచ్చి తమ భాగం ఒప్పజెప్పి వెళ్ళారు. నేను రాశాను.

ఎస్తేరత్త ఇంటికి రాలేకపోయింది. ఒక ఉదయం కాలవ రేవులో బట్టలు ఉతుకుతూ, "రాసుకో అల్లుడా" అంది. ఉతుకుడు చప్పుడు మధ్య చెబుతోంది, నేను రాస్తున్నాను. గుంపు వచ్చింది. ఆ మనిషిని మధ్యలో నిలబెట్టింది. అందరూ రాళ్ళు ఎత్తుకున్నారు...

అప్పుడే దానియేలు రేవు మెట్లు దిగాడు. ఆవిడను జుట్టు పట్టుకుని, ఉతికే బండకేసి తల బాదాడు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారికి నేను అక్కడ లేను. నోటుబుక్కు చొక్కాలో దోపుకుని పరిగెత్తాను.

ఆవిడ బతికింది. సగం మొహం పడిపోయి, ఇరవై ఏళ్ళు బతికింది. మాట మాత్రం మళ్ళీ రాలేదు.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ హాల్లో దానియేలు కొడుకు సభ పెట్టాడు. పల్లె జనం వాడుక తెలుగులో సువార్త... ఫోన్‌లో వినొచ్చట. వేదిక మీద తండ్రి ఫొటోకు ఇంత లావు దండ. "ఇది మా నాన్నగారి దర్శనం" అన్నాడు మైకులో. చప్పట్లు.

సభ అయ్యాక వెళ్ళి అడిగాను... మీ అమ్మ మొహం గుర్తుందా అని.

"పాతవన్నీ ఇప్పుడెందుకు బావా? మీరు పెద్దవారు, క్షమించెయ్యండి. రండి, ఒక ఫొటో దిగుదాం."

దిగలేదు.

సువార్త చాలా పాత చేతిరాత ప్రతుల్లో అసలు ఎస్తేరత్తకు వచ్చిన ఈ కథే లేదని చదివాను. ఎందుకు లేదో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నా ప్రతిలో సగమే ఎందుకుందో తెలియడానికి నాకే పండితుడూ అక్కర్లేదు.

"ఏ బైబిల్లోనైనా చూసి మిగతాది రాసెయ్ తాతా" అంటాడు మా మనవడు. అది ఎస్తేరత్త మునుం. పక్కవాళ్ళు ముట్టుకోకూడదు.

ఇప్పుడు మళ్ళలో యంత్రాలు నాటుతున్నాయి. ఇళ్ళల్లో ఫోన్లు చదివి వినిపిస్తున్నాయి... మీ ఇంట్లో ముసలివాళ్ళ నోటి మీద మాత్రమే మిగిలినవి ఏమైనా ఉంటే, ఇక్కడ రాయండి. వాళ్ళు చెప్పగలిగినప్పుడే రాయండి.

నా నోటుబుక్కులో ఆ గుంపు అలాగే నిలబడి ఉంది. అరవై ఐదేళ్ళయింది... ఎవ్వరూ చేతిలో రాయి దించలేదు. నేనూ దించలేదు.