గుమ్మానికి వీపు

నర్సీపట్నంలో మా ఇంట్లో నెలకో శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక జరిగేది. అమ్మ ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, చాపలు పరిచి, పాస్టరుగారి ప్లాస్టిక్ కుర్చీ మీద ఉతికిన తువ్వాలు వేసేది. తను మాత్రం గుమ్మానికి ఎదురుగా కూర్చునేది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే అమ్మకి ఒక కన్నే మూతపడేది. రెండోది వీధిలో కాపలా కాసేది. నాకెలా తెలుసని అడక్కండి, నావీ అమ్మ కళ్లే.

ఆ ఎదురుచూపు నాతవరంలో ఉన్న పెద్దమ్మ కోసం. తల్లి పోయాక అమ్మని పెంచిన అక్క ఆవిడ. అమ్మ బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి మా గడప తొక్కలేదు. ఆవిడ ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనేది అమ్మ. ఆవకాయో, జీడిపప్పో మూటకట్టి నాతవరం ఆటో అతనికిచ్చి పంపేది. మర్నాడు అతన్ని ఆపి, "ఏటందయ్యా మా అప్ప?" అని అడిగేది.

"వత్తానన్నాదమ్మా," అనేవాడు పాపం, ప్రతిసారీ. పెద్దమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక వానాకాలం శుక్రవారం అమ్మ చోటు మార్చేసింది. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. బయట ఆటో ఆగిన చప్పుడైనా తల తిప్పలేదు. రెండు కళ్లూ మూసుకుని పాట ఎత్తుకుంది. అమ్మకి అంత గొంతుందని ఆరోజే తెలిసింది.

అందరూ వెళ్లాక టీ గ్లాసులు కడుగుతూ, ఎందుకలా కూర్చున్నావని అడిగాను.

"గుమ్మం కేసి సూసి సూసి మెడ నొప్పెట్టేసిందే. నాను పిలిసిన దేవుడు ముందే వచ్చి కూకున్నాడు. ఆయన్నొగ్గేసి ఈది కేసి సూత్తన్నాను, ఏటి నా బుద్ధి!" అని నవ్వింది.

తర్వాత కూడా పెద్దమ్మకి ఆవకాయ వెళ్తూనే ఉండేది. ఆటో అతన్ని అడగడం మాత్రం మానేసింది. పెద్దమ్మ చివరిదాకా రాలేదు. అయినా అమ్మ ముఖంలో ఆ వెలితి నాకు మళ్లీ కనపడలేదు.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ టీ గ్లాసుల చప్పుడు తలుచుకుంటే బెంగగా ఉంటుంది. కూడిక నేను పెడుతున్నాను. నాతో మాట పట్టింపు వచ్చి దూరమైన తమ్ముడు యలమంచిలిలో ఉంటాడు. ఫోన్ చేస్తే వస్తాననే అంటాడు, రాడు. నేనూ గుమ్మానికి వీపు పెట్టే కూర్చుంటాను గానీ, బయట బండి ఆగితే చాలు, మెడ నా మాట వినదు. అప్పుడు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఈ మెడ కాస్త నీ వైపు తిప్పు," అంటాను.