రెండోసారి రాని q

మంగళవారం, ఉదయం.

నసీమా ఇక లేదని నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆమె చెల్లెలి కొడుకు చెప్పాడు. "సరే నాయనా" అని పెట్టేశాను.

తర్వాత మళ్ళీ నేనే ఫోన్ చేసి, ఎవరి గురించి చెప్పావని అడిగాను. ఆ పొద్దున్నే ఆమె దగ్గర్నుంచి నాకు మెసేజ్ వచ్చింది మరి.

ఇప్పుడే మన వీధి వాట్సాప్ గ్రూపులో ఎందుకు రాస్తున్నానంటే, ఆదివారం సాయంత్రం ఆమె గేటు దగ్గర మేమిద్దరం గొడవపడటం వీధిలో చాలామంది విన్నారు. అదే మా చివరి మాటగా మిగలకూడదు.

నసీమాది మద్నూర్, నాది బాన్సువాడ. కలిసింది మాత్రం హైదరాబాద్‌లో, ఒక ఆఫీసు కంప్యూటర్ సెంటర్‌లో. ఇద్దరివీ మొదటి ఉద్యోగాలు.

అప్పుడు ఎవరి కంప్యూటర్ వాళ్ళకు లేదు. ఏసీ గదిలో ఒకటే పెద్ద కంప్యూటర్, మా టెర్మినల్స్ అన్నీ దానికే. దాని టైమ్ అందరం పంచుకునేవాళ్ళం. స్క్రీన్ లేదు, కాగితం మీద టైప్ అయ్యేది. ఫైల్‌ను ఒక్కో లైన్ పిలిచి దిద్దాలి.

దిద్దాక w కొడితేనే సేవ్. కొట్టకుండా q కొట్టి బయటికి రాబోతే, మెషీన్ ఒక్క "?" టైప్ చేసి ఆగేది. మళ్ళీ q కొడితే దిద్దినదంతా పోయి, పాత ఫైల్ మిగిలేది.

ఒకరోజు నసీమా ఊళ్ళ పేర్ల ఫైల్ దిద్దుతోంది. ఒక లైన్‌లో మార్చాల్సిన పేరు అన్ని లైన్లలోనూ మార్చేసింది. ప్రతి ఊరూ మద్నూర్ అయిపోయింది.

"ఒక్కొక్కటి సరిజేద్దాం. నేను చదువుత, నువ్వు కొట్టు" అన్నాను.

"చాయ్ చల్లారుతది అక్కా" అని q కొట్టింది. "?" వచ్చింది. "చూడు, పక్కానా అని అడుగుతుంది." మళ్ళీ కొట్టింది. "గయా, అంతా పోయింది. పొద్దుగాల ఎట్లుండెనో గట్లనే ఉంది. పా."

ఒక పూట పనంతా పోయింది. ఆమె నవ్వుతోంది. బస్‌స్టాప్ దాకా తిడుతూనే వచ్చాను. అక్కడ ఆగి నా మొహం చూసి, "q" అంది.

"ఏంది?"

"మెషీన్ లెక్కనే అడిగినవ్. q."

అప్పట్నుంచి అదే మా పద్ధతి. పెళ్ళిళ్ళయి, ఇద్దరం బాన్సువాడలో స్థిరపడి, మనవలు పుట్టాక కూడా. గొడవైతే ఒకరు q అనాలి, రెండోవాళ్ళు "ఏంది?" అని అడగాలి, మొదటివాళ్ళు మళ్ళీ q అనాలి. అప్పుడే రద్దు. ఒక్కసారి అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. "కంప్యూటరే నయం నీకన్నా" అనేది.

భర్త పోయాక ఆమె ఒక్కతే ఉంటూ, టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆదివారం, బోధన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంది.

"ఇగ ఒక్కదాన్ని ఉండుడు నాతోని కాదు."

"ఒక్కదానివా? నేను లేనా?"

"నువ్వు టైమ్ చూసుకొని వస్తవ్, టైమ్ చూసుకొని పోతవ్."

"పో అయితే. నువ్వు పోతే బాన్సువాడ అంగడి బందైతదా?"

సోమవారం తెల్లవారగానే ఆమె మెసేజ్: q.

నేను ? పంపాను.

రెండోది రాలేదు. కావాలనే నన్ను ఎదురుచూసేలా చేస్తోందనుకున్నాను. నమాజు చేసుకొని మంచం మీద ఒరిగిందట, మళ్ళీ లేవలేదట. గుండె.

మరి ఆదివారం మాటలు ఉన్నట్టా, పోయినట్టా? నిన్నటినుంచి ఇదే ఆలోచన.

ఆ సెంటర్‌లో కరెంటు పోతే, w కొట్టనిదంతా పోయేది. మెషీన్ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఆదివారం మాటలకు మేమిద్దరం w కొట్టలేదు. కాబట్టి అవి పోయాయి. శనివారం దాకా ఉన్నదే మిగిలింది.

నా లెక్క సరిగానే ఉందనుకుంటున్నాను. సరిచూసి చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉండేది.

ఇక జరగాల్సినవి:

1. రేపు ఆమె ఇంట్లో జియారత్, మూడో రోజు ప్రార్థన. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు రండి. ఫొటోలు తీయకండి.

2. టెన్త్ పిల్లలకు మిగిలిన లెక్కలు గురువారం నుంచి మా ఇంట్లో నేను చెబుతాను. సాయంత్రం ఐదింటికి. ఆలస్యంగా వస్తే తలుపు తీయను.

3. ఆదివారం మా మాటలు విన్నవాళ్ళు వాటిని ఎక్కడా చెప్పకండి. బోధన్‌లో ఆమె చెల్లెలికి అసలే వద్దు.

నసీమా, నిమ్మళంగా పడుకో. నీకు శాంతి దొరకాలి. నువ్వు బోధన్ వెళ్ళే రోజు వచ్చి ఉంటే, బస్సు ఎక్కించడానికి నేనే వచ్చేదాన్ని.