బంపరుకి పద్నాలుగు గేజు

మా ఊళ్ళో ఎవరైనా నాసిరకం పని చేస్తే ‘పద్నాలుగు గేజు పని’ అంటారు. కొత్త గోడ బీటలిచ్చినా అంతే, పెళ్ళిలో పప్పుచారు నీళ్ళైనా అంతే. ఆ మాట ఒక వెల్డింగ్ షాపు అతని మీద పుట్టింది. బంపరుకి పలచటి రేకు అంటించి మోసం చేశాడని దాని వెనకున్న కథ. ఆ కథ అబద్ధం. చెప్పినవాణ్ణి నేనే.

మా అక్క భర్త, మా బావ, మినీ లారీ నడిపేవాడు. బండి మా ఇద్దరిదీ. కోతల రోజుల్లో గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మిగతా రోజుల్లో మిల్లుకి పత్తి. ఒకసారి గేదె అడ్డం రావడంతో బంపరు నలిగిపోయింది.

“కొత్తది కొనొద్దురా, షాపులో చేయించు. పది గేజు చెప్పు” అన్నాడు బావ. ఆయన మిరపకోతల హడావిడిలో ఉన్నాడు.

ఇనుప రేకుల గేజు లెక్కలో అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. ఇది నాకు తెలియదు. బావ మాట కంటే గట్టిగా చేయించాలని ఉబలాటపడి, షాపులో “పద్నాలుగు గేజు వెయ్యి” అన్నాను.

అతను గ్రైండర్ ఆపి నవ్వాడు. “పద్నాలుగా? చేసేది బంపరా అన్నా, బీరువానా?”

బీరువా అంటే నాకు దొంగలకి లొంగని ఇనప్పెట్టె. అతని లెక్కలో బీరువా అంటే పలచటి రేకు డబ్బా. నేనూ నవ్వి, “బీరువాలాగే ఉండాలి” అన్నాను. అతను ఇంకోసారి నా మొహం చూసి, “మీ ఇష్టం” అన్నాడు. బండి బరువు తగ్గించుకుని ఇంకాస్త సరుకు ఎక్కిద్దామనుకుంటున్నానేమో అనుకుని ఉంటాడు.

అంచులు మడిచి, లోపల గొట్టం పెట్టి, పసుపు నలుపు చారలు వేయించాక అది చూడ్డానికి దిట్టంగానే ఉంది. “నేను చెప్పినట్టే వేయించావా?” అని బావ అడిగితే “నువ్వు చెప్పినదానికంటే ఎక్కువే” అన్నాను. ఆయన నా వీపు మీద చరిచాడు.

ఆ సీజన్‌లోనే, ముందు పోతున్న పత్తి ట్రాక్టర్ స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్కున ఆగింది. బావ గుద్దింది పెద్ద వేగంలో ఏం కాదు. బంపరు అట్టముక్కలా లోపలికి మడుచుకుని ఆయన ఎడమ పాదాన్ని నొక్కేసింది.

గుంటూరు బ్రాడీపేట ఆసుపత్రికి వెల్డింగ్ అతను బత్తాయిలు తీసుకుని వచ్చాడు. మా బాబాయి వరండాలోనే పట్టుకున్నాడు.

“ఏరా, పది గేజు చెబితే రేకుముక్క అంటిస్తావా?”

“పద్నాలుగు అన్నారండీ. ఇడుగో, అన్నే చెప్పాడు. అడగండి.”

“పద్నాలుగంటే పలచనరా! బంపరుకి ఎవడైనా అడుగుతాడా?”

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అందరూ నా వైపు తిరిగారు. తలుపు తీసే ఉంది, లోపల బావ వింటున్నాడు.

“పద్నాలుగని నేనెందుకంటాను? పదే చెప్పాను” అన్నాను.

లోపల్నుంచి బావ “నీ చేతులు పడిపోనురా!” అని కేక పెట్టాడు. అతను బత్తాయిల సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చర్చి పక్క వీధివాడు. అతని మాటకీ నా మాటకీ మా ఊళ్ళో ఒకే విలువ లేదు. అది నాకు బాగా తెలుసు. తెలిసే ఆ మాటన్నాను. తెలియక చేసిన పొరపాటుకి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. దీనికి మాత్రం కాదు.

అతని దగ్గరికి నాగలి కర్రు కూడా ఎవరూ తీసుకెళ్ళలేదు. షాపు మూసి కుటుంబంతో సహా ఊరు వదిలేశాడు. ఎక్కడికని నేను అడగలేదు.

పోయిన ఏడాది వినుకొండలో ట్రాలీ బాగుచేయిద్దామని ఒక వర్క్‌షాపులోకి వెళితే, అక్కడ ఇంకొకరి కింద పనిచేస్తూ కనిపించాడు. గుర్తుపట్టి “రండన్నా, టీ తాగుతారా?” అన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆసుపత్రిలో ఆ మాట వినేదాకా గేజు లెక్క తెలియదన్నాను, ఆ తర్వాత తెలిసే అబద్ధమాడానన్నాను.

కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. “నాకెందుకు చెబుతున్నారన్నా? నాకు తెలిసిందేగా. తెలియనోళ్ళకి చెప్పండి.”

మళ్ళీ పనిలోకి వంగాడు. అతని ఫోన్ నంబరు వర్క్‌షాపు యజమాని దగ్గర తీసుకున్నాను.

క్లచ్ తొక్కలేని బావ ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. అక్కడికే వెళ్ళి చెప్పాను. ఆయన లారీల వైపు చూశాడు.

“ఆసుపత్రిలో వాణ్ణి నేనేమన్నానో నీకు గుర్తుందా?”

“ఉంది బావా.”

“ఫోన్ కలుపు.”

కలిపి ఇచ్చాను. “నేనురా... ఆఁ, లారీ తోలేవాణ్ణి. బండి పని కాదు, ఉండు, పెట్టెయ్యకు...” అంటూ కుంటుకుంటూ గోడ చాటుకి వెళ్ళాడు. నన్ను రావద్దని చెయ్యి ఊపాడు. తిరిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు.

“మీ అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో.”

చెప్పాను. ఆ వచ్చిన ఆదివారం అక్కా బావా బస్సెక్కి వినుకొండ వెళ్ళారు. నన్ను రమ్మనలేదు.